అమ్మ చేతిలో స్టాప్‌వాచ్

వదినకు మాక్ టెస్టుల్లో మార్కులు వారం వారం పెరుగుతుంటే అందరికంటే ఎక్కువగా మురిసిపోయింది మా అమ్మ. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నేను రెండు పేజీలు చదివితే కునికిపాట్లు పడే మనిషిని. ఆవిడేమో ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి వచ్చి, మొహం కడుక్కుని, భోజనాల బల్ల దగ్గర కూర్చుని పేపర్ల మీద పేపర్లు లాగించేస్తుంటే ఎవరికి మాత్రం మండదు?

అది పీజీ నర్సింగ్ ప్రవేశ పరీక్ష. ఆసుపత్రి వాళ్ళు వదినకు చదువుకోవడానికి సెలవిస్తామన్నది ఈ ఒక్క ఏడాదికే. ఈసారి సీటు రాకపోతే ఆ సెలవు ఇంకొకరికి పోతుంది. అందుకే మా ఇంట్లో టీవీ మూగబోయింది. అన్నయ్య పిల్లిలా నడవడం నేర్చుకున్నాడు. బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరైన అమ్మ తన పాత స్టాప్‌వాచ్ బయటికి తీసి, టైము చూసే పని తనదేనని తేల్చేసింది. గోడ గడియారం టిక్కుటిక్కుమంటూ వదినకు చిరాకు తెప్పిస్తుందని దాన్ని కూడా తీసి లోపల పెట్టేసింది.

గుట్టు వాషింగ్ మెషిన్ దగ్గర బయటపడింది. ఒక ఆదివారం పొద్దున వదిన పేపరు మొదలుపెట్టగానే నేను బట్టలు వేశాను. పేపరులో ఒక్కో భాగానికి గంట టైము, మా మెషినుకూ గంటే. అది ఆగాక బట్టలన్నీ మేడ మీద ఆరేసి, పక్కింటావిడతో తీరిగ్గా కబుర్లాడి కిందికి వచ్చాను. వదిన ఇంకా మొదటి భాగంలోనే ఉంది. ఒక లెక్క దగ్గర ఆగి కణతలు రుద్దుకుంది. అంతే, అమ్మ బొటనవేలు చప్పుడు చేయకుండా వాచీ మీద పడింది. వదిన మంచినీళ్ళు తాగి మళ్ళీ పెన్ను పట్టాక ఇంకోసారి పడింది.

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. అక్కడికక్కడే అడిగేశాను. అమ్మ మొహం చిన్నబోయింది. పరుగుపందెం నేర్పేటప్పుడు పిల్ల పడిపోతే వాచీ ఆపి, అది లేచాక మళ్ళీ నొక్కేదాన్నని, అందులో తప్పేముందని గొణిగింది.

వదిన లేచి వంటింట్లోకి వెళ్ళి ఖాళీ సింకులో కుళాయి తిప్పింది. ఆ నీళ్ళ చప్పుడు ఎందుకో మా అందరికీ తెలుసు. అన్నయ్య నా వైపు కొరకొరా చూశాడు. కాసేపటికి వదిన మొహం తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

"నా మార్కులెన్నో నాకే తెలీదన్నమాట" అంది.

"నేనేం జవాబులు అందించలేదు తల్లీ. డ్యూటీ చేసొచ్చి నువ్వలా నలిగిపోతుంటే చూడలేకపోయాను" అంది అమ్మ.

ముట్టుకోని పేపరు ఇంకొక్కటే మిగిలింది. దాన్నీ ఇప్పుడే రాసేసి అసలు మార్కులు తేల్చుకొమ్మని నేను సలహా పారేశాను. అన్నయ్యా తలూపాడు. వదిన ఒప్పుకోలేదు.

"జ్వరం ఎంతుందో గంటకోసారి చూస్తే తగ్గుతుందా? ఎందుకొచ్చిందో చూడాలి" అని అమ్మ వైపు తిరిగింది. "అత్తయ్యా, మీరు వాచీ ఎక్కడెక్కడ ఆపారో గుర్తుందా?"

గుర్తుండకేం! పాత పేపర్లన్నీ బల్ల మీద పరిస్తే, అమ్మ ఒక్కో పేజీ తిప్పి ఇక్కడ, ఇక్కడ అంటూ వేలు పెట్టి చూపించింది. అన్నీ మందు మోతాదు లెక్కలే. వదిన నోరు తెరిచి చూసింది. ఒక్క లెక్క తేలకపోతే పంతం పట్టి దాని దగ్గరే కూర్చుంటోందని, ఆ తర్వాత వచ్చే తేలిక ప్రశ్నలకు టైము మిగిలేది అమ్మ దయవల్లేనని అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత వదిన కొత్త పేపరు జోలికి పోలేదు. తప్పుపోయిన లెక్కలే తీసి, ఎక్కడ తప్పిందో చూసుకుని, మళ్ళీ చేసేది. తేలనిదాన్ని వదిలేసి ముందుకు పోవడం మాత్రం ఆవిడకు ప్రాణం మీదికొచ్చేది.

పరీక్షకు ముందు ఆదివారం, అసలు పరీక్ష మొదలయ్యే వేళకే ఆ చివరి పేపరు తీసింది. వాచీ అమ్మకే ఇచ్చింది. నేను పట్టుకుంటానంటే వినలేదు. అమ్మ వాచీని బల్ల మీద పెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నడుమ వదిన కణతలు రుద్దుకుంది. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. పేజీ తిరిగిన చప్పుడు వినబడ్డాక గానీ తెరవలేదు. మార్కులు మునుపటికంటే బాగా తగ్గాయి, అయినా సీటుకు సరిపోయేలా ఉన్నాయి. వదిన ఆ కాయితాన్ని ముద్దు పెట్టుకుంది.

పరీక్ష రోజు అందరం గేటు బయట నిలబడ్డాం. వదిన బయటికొచ్చి తిన్నగా అమ్మ దగ్గరికే వెళ్ళింది.

"ఒక లెక్క దగ్గర పడ్డాను అత్తయ్యా. వాచీ ఆగదని గుర్తొచ్చి, లేచి పరిగెత్తాను."

సీటు వచ్చిందని తెలిసింది నెల తర్వాత. అమ్మ మాత్రం ఆ గేటు దగ్గరే, అంతమందిలో, సంతోషం పట్టలేక ఏడ్చేసింది.