నోన్నా సమాధి రాయి మీద ఇంటిపేరు

నోన్నా పోయి ఏడాదైంది. గొయ్యి మీద మట్టి కుంగాల్సినంతా కుంగింది. కుల్మా ఊళ్ళో ఎవరు పోయినా మొదటి ఏడాది కొయ్య శిలువే ఉంచుతారు. మంచు కరిగి, వానలు పడి, నేల గట్టిపడ్డాక గానీ రాయి నిలబెట్టరు. తొందరపడితే రాయి ఒరుగుతుంది. ఒరిగిన రాయిని చూసి ఊరు నోరు మూసుకోదు.

నోన్నా మొగుడు సవ్వాతీ బెంగ రాయి గురించి కాదు, దాని మీద చెక్కించే పేరు గురించి.

కిందటి శరత్కాలంలో, బంగాళాదుంపలు తవ్వుతుండగా గ్లేబ్ ఆ మాట ఎత్తాడు. గ్లేబ్ నోన్నా కొడుకు. సవ్వాతీ కొడుకు కాడు. నోన్నా మొదటి మొగుడు జూయెవ్ నదిలో కలప దుంగలు తోలుతూ వాటి కిందే పడి పోయాడు. నాలుగేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని ఆవిడ సవ్వాతీ ఇంటికి వచ్చింది. ఆ పిల్లాడు పెరిగి పెద్దవాడయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు, నది అవతలి ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు. ఈ రోజుకీ సవ్వాతీని బాబాయ్ అనే పిలుస్తాడు.

"బాబాయ్, అమ్మ ఒక మాట చెప్పి పోయింది. రాయి మీద మా నాన్న ఇంటిపేరు, జూయెవా అని రాయించమంది."

సవ్వాతీ పార ఆపలేదు. "ఇరవైతొమ్మిదేళ్ళు నా ఇంటిపేరుతో, పొద్మేనినాగా బతికింది."

"బతికింది. కాదనలేదు."

"జ్వరంలో ఏదో అని ఉంటుంది."

"జ్వరం రాకముందే అంది. రెండుసార్లు అంది."

ఆ సాయంత్రం సవ్వాతీ గ్లేబ్‌కి ఇవ్వాల్సిన దుంపల బస్తా గుమ్మంలో పెట్టి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆయన ఇల్లంతా వెచ్చబెట్టే, పైన పడుకునే వీలున్న పెద్ద పొయ్యిలు కట్టేవాడు. చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో ఆయన చెయ్యి పడని ఇటుక పొయ్యి లేదు. ఆయన నవ్వగా చూసినవాళ్ళూ లేరు. ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. ఆస్తి లేదు, సొంత పిల్లలు లేరు. ఉన్నదల్లా ఇంటిపేరు ఒక్కటే. పొద్మేనా అంటే ఒకరి బదులు ఇంకొకరు నిలబడడం. తాత చెప్పిన కథ ఇది: పాతకాలంలో, ఇరవై అయిదేళ్ళ సైన్యపు కొలువుకి ఇంటికో మనిషిని తీసుకుపోయే రోజుల్లో, వంతు తమ్ముడి మీద పడితే యెవ్సేయి అనే అన్న "వాడికి పసిపిల్లలున్నారు, వాడి బదులు నేను పోతాను" అని మూట కట్టుకుని వెళ్ళిపోయాడు. తిరిగి రాలేదు. ఆ త్యాగానికి ఊరు ఆ ఇంటికి ఇచ్చిన బిరుదు పొద్మేనిన్, ఆడవాళ్ళకైతే పొద్మేనినా. సవ్వాతీ ఈ కథ నోన్నాకి పెళ్ళయిన మొదటి వారంలోనే చెప్పాడు. ఆవిడ వింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

అలాంటి పేరు తనకొద్దని చెప్పి ఆవిడ పోయింది. సరే, ఆ కథని సీలు వేసిన కాగితం మీద తెచ్చి గ్లేబ్ మొహాన పెడదామనుకున్నాడు సవ్వాతీ. జిల్లా లైబ్రరీలో అగ్నియా విక్తోరొవ్నా అని ఒకావిడ ఉంది. ఊళ్ళ చరిత్రలూ ఇంటిపేర్లూ తవ్వి తీస్తుంది. ఆవిడకి చెప్పాడు. ఆవిడ రాష్ట్ర దస్తావేజుల భాండారానికి రాసింది. మార్చిలో కబురు వచ్చింది.

"కూర్చోండి సవ్వాతీ యెర్మొలాయిచ్ గారూ. టీ పెట్టనా?"

"టీ ఇంట్లో ఉంది. కాగితం ఏది?"

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి పేజీ చదివింది. జార్ల కాలంనాటి జనాభా లెక్కలో పొద్మేనిన్లు నాలుగిళ్ళు, ఇరవై ఆరుగురు. అందరూ కుల్మాలోనే. ఇంకెక్కడా ఈ పేరు లేదు. పెద్ద యుద్ధానికి తొమ్మిది మంది వెళ్ళారు, ఒక్కడు తిరిగొచ్చాడు.

"మా నాన్న," అన్నాడు సవ్వాతీ.

"అవునండీ. తరవాత కొత్లాస్‌లో ఇద్దరు ముసలమ్మలు, ఈ ఇంటి కోడళ్ళు, ఉండేవారు. వాళ్ళూ పోయారు. టెలిఫోను పుస్తకాలు చూశాను, పింఛను జాబితాలు చూశాను, వ్లదివొస్తోక్ దాకా రాసి అడిగాను. ఇప్పుడు ఇంత దేశంలో ఈ పేరుతో ఉన్నది ఒక్కరు."

"పులుల్ని కూడా ఇంతకంటే ఎక్కువే మిగిల్చారు. నన్నూ ఆ అంతరించే జంతువుల పుస్తకంలో ఎక్కించండి."

ఆవిడ నవ్వలేదు. రెండో పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పేరు ఎలా వచ్చిందో ఇందులో ఉంది. మీరు చెప్పినట్టు లేదు."

"చదవండి."

"కావాలంటే మొదటి పేజీ ఒక్కటే తీసుకెళ్ళండి. లెక్క అయితే ఖాయం."

"చదవమన్నాను కదా."

ఆవిడ నెమ్మదిగా చదివింది. యెవ్సేయికి తమ్ముడే లేడు. ముగ్గురు కొడుకులున్నారు. దనీలా అనే తల్లీతండ్రీ లేని కుర్రాణ్ణి కూడా ఇంట్లో పెట్టుకుని పెంచాడు. సైన్యం వంతు వచ్చినప్పుడు తన పెద్దకొడుకు పేరు చెప్పి ఆ దనీలాని అప్పజెప్పాడు. పిల్లాడి మేనత్త వెళ్ళి కచేరీలో ఏడ్చింది. విచారణ జరిగింది. ఏమీ తేలలేదు. సైన్యానికి మనిషి అంటే మనిషే, ఏ ఇంటివాడైతేనేం. దనీలా రెండో ఏడు ఎక్కడో సైనికుల ఆసుపత్రిలో విరేచనాలతో పోయాడు. అంతకు ముందు యెవ్సేయి ఇంటివాళ్ళకి ఇంటిపేరు లేదు. విచారణ అయిన మరుసటి ఏడు చర్చి పూజారి తన జాబితాలో మొదటిసారి పొద్మేనిన్లు అని రాశాడు. ఊరు అప్పటికే అలా పిలుస్తోంది మరి. యెవ్సేయి ఎక్కడికీ పోలేదు. ఎనభై ఏళ్ళు బతికి, సొంతింట్లో, పొయ్యి మీది పడకలో వెచ్చగా కన్నుమూశాడు.

ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అంటారే, అలా ఉంది వ్యవహారం.

"ఇది ఇంకో యెవ్సేయి," అన్నాడు సవ్వాతీ.

"కుల్మాలో ఆ రోజుల్లో ఒక్కడే యెవ్సేయి అండీ."

ఆయన లేచాడు. మొదటి పేజీ మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. రెండోదాన్ని బల్ల మీదే వదిలేశాడు. గుమ్మం దగ్గర ఆగి, "అది ఎవరికైనా చూపించారో," అన్నాడు.

"నేనెందుకు చూపిస్తానండీ," అందావిడ. ఆ గొంతులో ఉన్నది ఆయనకి నచ్చలేదు.

ఏప్రిల్ చివర్లో నదిలో మంచు విరిగింది. సవ్వాతీ మొదటి పడవలోనే అవతలి ఒడ్డుకి వెళ్ళాడు. గ్లేబ్ తన పడవని బోర్లించి అడుగున తారు పూస్తున్నాడు.

"రా బాబాయ్. ఆ దుంగ మీద కూర్చో, ఇటు పక్క తడిగా ఉంది."

సవ్వాతీ కూర్చోలేదు. కాగితం తీసిచ్చాడు. "చదువు. సీలుంది చూడు. నాలుగిళ్ళు, ఇరవై ఆరుగురు, యుద్ధంలో ఎనిమిది మంది పోయారు. నేనొక్కణ్ణే మిగిలాను. మీ అమ్మ రాయి మీద కూడా ఆ పేరు లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది?"

గ్లేబ్ చేతులు గుడ్డకి తుడుచుకుని కాగితం అంచులు పట్టుకుని చదివాడు. "పేరు ఎలా వచ్చిందో రాయలేదే."

"అది అందరికీ తెలిసిందే. యెవ్సేయి తమ్ముడి బదులు వెళ్ళాడు. ఆవిడ కూడా అదే అంది, లైబ్రరీ ఆవిడ."

డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి ఈ అబద్ధం చెప్పడానికి నది దాటి వచ్చాడు.

గ్లేబ్ కాగితం మడిచి తిరిగిచ్చాడు. "దనీలా సంగతి చెప్పలేదా?"

నది మీద మంచు పలకలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. సవ్వాతీ వాటికేసి చూశాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"అమ్మ. నాకు పద్నాలుగేళ్ళప్పుడు."

"దానికెవరు చెప్పారు?"

"ముసలి మలాన్యా. మీ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి చలికాలమే, ఆవిరి స్నానం గదిలో అమ్మ వీపు రుద్దుతూ చెప్పిందట. 'తండ్రి లేని పిల్లాణ్ణి పొద్మేనిన్ ఇంటికి తెచ్చావా తల్లీ, ఎంత గుండె నీది' అందట. ఊళ్ళో అందరికీ తెలుసు బాబాయ్. కోయబోయే దూడని మేపుతుంటే ఏమంటారు మనవాళ్ళు?"

"పొద్మేనిన్ల మేత అంటారు. మా ఇంట్లో పశువులు పుష్టిగా ఉండేవి గనక."

గ్లేబ్ తారు డబ్బాలో కుంచె ముంచి, పైకి తీసి, బొట్లు కారేదాకా పట్టుకున్నాడు. సవ్వాతీ ఆ మాట చిన్నప్పటి నుంచీ విన్నాడు. తన ఎదుట అన్నవాళ్ళు నాలిక కరుచుకోవడం కూడా చూశాడు. మర్యాద అనుకున్నాడు.

"తెలిసి ఎందుకు ఉంది మరి? తలుపు తెరిచే ఉంది, పోయి ఉండొచ్చు కదా."

"నువ్వు కొట్టలేదు, తాగలేదు. ఇల్లు వెచ్చగా ఉండేది. ఎక్కడికి పోతుంది? గుర్తుందో లేదో నీకు, పదహారేళ్ళప్పుడు పాస్‌పోర్టు గుర్తింపు కాగితాల్లో నీ ఇంటిపేరు రాసుకుంటానని నేనే వచ్చి అడిగాను."

"గుర్తుంది."

"ఏమన్నావు?"

"పేరు రక్తంలో రావాలి, కోటులా తొడుక్కునేది కాదు అన్నాను."

"ఆ రోజంతా గడ్డివాములో కూర్చుని ఏడ్చాను. దనీలా సంగతి తెలిసి కూడా అడిగాను మరి, చూడు. అమ్మ మాత్రం లోపల దేవుడి పటం దగ్గర దణ్ణం పెట్టుకుంది, నువ్వు కాదన్నందుకు. రెండేళ్ళకి నన్ను సైన్యానికి తీసుకుపోయిన రోజు నువ్వు లూకినోలో పొయ్యి కడుతున్నావు. బండి కదిలేదాకా అమ్మ నీకోసం రోడ్డు చివరికి చూస్తూనే ఉంది."

"పని ఒప్పుకున్నాను ఆ రోజు."

"ఒప్పుకున్నావులే."

సవ్వాతీ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నాకెందుకు చెప్పలేదు అది? ఇరవైతొమ్మిదేళ్ళు ఒకే బల్ల మీద తిన్నాం."

"వద్దంది. నన్ను కూడా చెప్పనివ్వలేదు. ఆ పేరు చూసుకునే నువ్వు బతుకుతున్నావట. అది లాక్కుంటే ఇంకేం మిగలదట. పాపం అంది."

"పాపం అందా?"

"అంది."

"నన్నా?"

"నిన్నే, ఇంకెవర్ని." గ్లేబ్ మళ్ళీ తారు పూయసాగాడు. "మొగుడివి నువ్వు. చెక్కేవాడు నీ మాటే చెక్కుతాడు. అమ్మ అన్నది నీకు చేర్చాను. ఇంక నీ ఇష్టం బాబాయ్. రాయి తెచ్చాక కబురు చెయ్యి, ఒక్కడివీ ఎత్తలేవు."

మర్నాడు జిల్లా బస్సులో సవ్వాతీ కిటికీ పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా ఒకటే మాట తిరిగింది బుర్రలో. తిట్టి ఉంటే బాగుండేది. శపించి ఇల్లు విడిచి పోయినా సరే, మెట్టు మీద ఆపి అడిగేవాడు, జవాబు చెప్పేవాడు. చేపల సూపు వడ్డిస్తూ, చొక్కా బొత్తాలు కుడుతూ, పండక్కి వచ్చినవాళ్ళ ముందు యెవ్సేయి కథ చెబుతుంటే తల వంచుకుని వింటూ, లోపల జాలిపడింది. ఇరవైతొమ్మిదేళ్ళూ. ఊరు వెనక నవ్వింది, ఆవిడ ఎదురుగా కూర్చుని జాలిపడింది. ఊరిని క్షమించవచ్చునేమో. ఆవిణ్ణి కాదు.

రాళ్ళు చెక్కేవాడు కొత్తవాడు, దక్షిణాది నుంచి వచ్చినవాడు. పెన్సిలు చెవి మీంచి తీశాడు.

"ఇంటిపేరు?"

బయట లారీ ఒకటి వెనక్కి తిరుగుతోంది. అది ఆగేదాకా సవ్వాతీ ఆగాడు.

"పొద్మేనినా."

"ఎప్పుడూ వినలేదే తాతా. ఎక్కడి పేరిది?"

"ఇక్కడిదే."

"మీవాళ్ళు చాలామంది ఉన్నారా?"

"లేరు. లోతుగా చెక్కు."

ఈస్టర్ వెళ్ళిన రెండో మంగళవారం జనం సమాధుల దగ్గరికి వస్తారు. ముందురోజే రాయి నిలబెట్టాలి. గ్లేబ్ సిమెంటూ, వాలు చూసే మట్టగోలూ తెచ్చాడు. గోనెపట్టా విప్పి పేరు చూశాడు. కాసేపు పట్టా చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు. తరవాత దాన్ని నాలుగు మడతలు పెట్టి, గడ్డి మీద ఉంచి, సిమెంటు కలిపాడు. ఇద్దరూ చెరో పక్క పట్టి ఎత్తారు. గ్లేబ్ మట్టగోలు రెండుసార్లు పెట్టి చూశాడు, చిన్న రాయి కింద దూర్చి మళ్ళీ చూశాడు. పని శుభ్రంగా చేశాడు.

పక్క సమాధి దగ్గర ఎండు ఆకులు ఊడుస్తున్న ఫ్యోక్లా కర్ర ఊతంతో వచ్చింది. మలాన్యా కూతురు. అక్షరాలు పైకే చదివింది, పెదవులు కదుపుతూ. గ్లేబ్‌ని చూసింది, సవ్వాతీని చూసింది.

"రాయి మంచిదే," అంది. "రాయికి వంక పెట్టను."

చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

గ్లేబ్ తొట్టిలో నీళ్ళతో చేతులు కడుక్కున్నాడు. జేబులోంచి పండక్కి ఎర్రరంగు వేసిన గుడ్డు తీసి, తల్లి రాయి మొదట్లో మట్టిలో గుంట చేసి పెట్టాడు.

"ఇంటికి రా," అన్నాడు సవ్వాతీ. "పుట్టగొడుగులు కూరిన రొట్టె చేశాను. నోన్నా చేసినట్టు రాలేదు గానీ తినొచ్చు."

"మీరు తినండి సవ్వాతీ యెర్మొలాయిచ్ గారూ," అన్నాడు గ్లేబ్. "నాకు పడవకి వేళయింది."

సామాను చేతిబండిలో వేసుకుని, గేటు చప్పుడు కాకుండా మూసి, ఏటివైపు దిగిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. రేపు తన వాళ్ళతో వస్తాడు, తల్లికి నమస్కారం పెడతాడు. సవ్వాతీ ఏ వేళకి వస్తాడో ఎవరినైనా అడిగి, ఆ వేళ తప్పించి వస్తాడు.

సవ్వాతీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అక్షరాల గాడుల్లో సిమెంటు చుక్కలు పడ్డాయి. ఆరితే రావు. గోటితో ఒక్కొక్కటే గీకి తీయసాగాడు, మొదటి అక్షరం నుంచి. వాడెవడో పనిమంతుడే. లోతుగానే చెక్కాడు.