పదిహేను పైసల రిట్

నేను ఒక పోస్టుకార్డును. నాసిక్‌లో వేలాదిమంది తోబుట్టువులతో కలిసి అచ్చయ్యాను. నా మూల మీద చిన్న పులి బొమ్మ, దాని పక్కన పదిహేను పైసలని నా విలువ. కట్టల్లో పడి, సంచుల్లో నలిగి, శ్రీకాకుళం కొండల కింద ఉన్న ఒక చిన్న పట్నం తపాలా కార్యాలయానికి చేరాను. అది ఎనభై నాలుగో సంవత్సరం.

నన్ను కొన్నామె పేరు కూర్మావతి. అక్కడి సబ్‌జైలులో ఆడవాళ్ళ గదికి వార్డరు. ఖరగ్‌పూర్‌లో రైల్వే పని చేసే అన్నయ్యకు క్షేమసమాచారం రాద్దామని కొన్నది. కానీ రాసే తీరిక లేక, తను చదువుతున్న గైడులో గుర్తుకోసం నన్ను పెట్టుకుంది. హెడ్‌వార్డరు పదోన్నతి పరీక్షకు రాజ్యాంగం ఒక పేపరు. భర్త పోయాక వచ్చిన ఉద్యోగం ఆమెది. పాసైతే జీతం పెరుగుతుంది. అందుకని మధ్యాహ్నాలు గది ముందు స్టూలు మీద కూర్చుని పైకి చదివేది. నేను ఆమెతోపాటు పేజీలు దాటుతూ పీఠిక చూశాను, పౌరసత్వం చూశాను, ప్రాథమిక హక్కుల దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. మనుషులు ఎంత చిత్రమైనవాళ్ళో అక్కడే తెలిసింది. తమకోసం తామే అంత గొప్ప మాటలు రాసుకుని, వాటిని మార్కుల కోసం బట్టీ పడతారు!

ప్రభుత్వానికి మూడు అంగాలని గైడులో ఉంది: చట్టం చేసేది, అమలు జరిపేది, న్యాయం చెప్పేది. గది లోపల ఉన్న సొంబారికి మాత్రం తాళం వేసే అంగం ఒక్కటే తెలుసు.

సొంబారి కొండమీది సవర తెగ ఆడది. అడవిలో కలప కొట్టిందని పట్టుకొచ్చారు. జామీను ఇవ్వాలంటే పట్టా భూమి ఉన్నవాళ్ళు ఇద్దరు కావాలన్నారు. పోడు చేసుకునే ఊళ్ళో పట్టా ఎవరికుంది? ఆమె మొగుడు రెండుసార్లు నడిచొచ్చి, రెండుసార్లూ ఉత్తచేతులతో వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళ కూతురు ఇంట్లో ఉంది.

ఒక మధ్యాహ్నం కూర్మావతి చదువుతోంది. "ఇరవై ఒకటో అధికరణం. చట్టం నిర్ణయించిన పద్ధతిలో తప్ప ఏ వ్యక్తి ప్రాణాన్ని గాని, స్వేచ్ఛను గాని హరించరాదు."

లోపలి నుంచి సొంబారి అడిగింది. "అమ్మా, వ్యక్తంటే ఎవులు?"

"మనిషే. మనిషన్న పెతీవోళ్ళూను."

"నానూనా?"

కూర్మావతి వేలు ఆ వరుస మీద ఆగిపోయింది. నన్ను అక్కడే పెట్టి గైడు మూసి, దాన్ని చంకన పెట్టుకునే ఆఫీసు గదిలోకి వెళ్ళి రిజిస్టరు తీసింది. సొంబారి వచ్చి రెండేళ్ళ అయిదు నెలలు. మొదటి ఆరు వాయిదాల తర్వాత గడి ఖాళీ. ఆ పట్నంలో కొత్త కోర్టు పెట్టినప్పుడు కాగితాలు కొన్ని అటు, కొన్ని ఇటు వెళ్ళాయి. సొంబారి కాగితం ఎటూ వెళ్ళలేదు. నేరం రుజువైనా పడేది ఏడాది శిక్షే.

జైలరు దగ్గరకు వెళ్ళి చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు, ఇంకో రెండేళ్ళలో పింఛను తీసుకోవలసినవాడు. "కూర్మావతీ, నీ పరీచ్చ నువ్వు సదూకో. కోర్టు పన్లు మనకెందుకు?" అన్నాడు.

రెండు రోజులు ఆమె గైడు తెరవలేదు. మూడో రోజు అన్నం తినకుండా స్టూలు మీద కూర్చుని నన్ను బయటికి తీసింది. చిరునామా వైపు "హైకోర్టు పెద్ద జడ్జి గారికి, హైదరాబాదు" అని రాసింది. ఇవతలివైపు చిన్న అక్షరాలతో సొంబారి పేరు, వచ్చిన తేదీ, ఆగిపోయిన వాయిదా రాసి, చివర ఇలా అడిగింది: "ఇరవై ఒకటో అధికరణంలో ఏ వ్యక్తి అని ఉన్నది. ఈమె వ్యక్తి అవునో కాదో తమరు సెలవియ్యవలెను."

సంతకం దగ్గర చాలాసేపు ఆగింది. పేరు లేకపోతే ఆకాశరామన్న ఉత్తరమని పారేస్తారు. పేరుంటే ఉద్యోగానికి ముప్పు. పేరు రాసింది, ఉద్యోగం రాసింది, జైలు పేరూ రాసింది. ఇంటికి వెళ్తూ దారిలో తపాలా పెట్టెలో వేసేసింది.

హైదరాబాదు హైకోర్టులో నన్ను అందుకున్న గుమాస్తా కోర్టు ఫీజు స్టాంపు కోసం తిరగేసి చూశాడు, పులి బొమ్మ తప్ప ఏమీ కనపడలేదు. నవ్వుతూ చదవడం మొదలుపెట్టాడు. చదవడం అయ్యేసరికి నవ్వు లేదు. ఆయనే స్వయంగా నన్ను పై అంతస్తుకు తీసుకెళ్ళాడు. ప్రధాన న్యాయమూర్తి రెండుసార్లు చదివి, చివరి వాక్యం కింద గీత గీసి, హక్కుల కోసం వేసే రిట్ పిటిషనుగా స్వీకరించమని రాశారు. నాకొక నంబరు వేశారు. అంచున రెండు చిల్లులు పొడిచి దారం కట్టారు. నొప్పి సంగతి ఎందుకు, ఆ రోజు నా అంత ఎత్తు మనిషి ఆ భవనంలో లేడు.

విచారణ రోజు సొంబారినీ, కూర్మావతినీ పిలిపించారు. తనను దాటి కోర్టుకు రాసినందుకు జైలరు ఇచ్చిన సంజాయిషీ నోటీసు ఒకటి కూర్మావతి సంచిలో ఉంది. ప్రభుత్వ న్యాయవాది లేచి, ఇది పిటిషను కాదు, అఫిడవిట్ లేదు, ఒట్టి పోస్టుకార్డు అన్నాడు.

"మనిషి లోపల ఉంటే కాగితం కొలత చూస్తారా?" అన్నారు ప్రధాన న్యాయమూర్తి. తర్వాత తెలుగులో కూర్మావతిని అడిగారు. "ఈ అధికరణం నీకెలా తెలుసమ్మా?"

"డిపార్టుమెంటు పరీచ్చకి బట్టీ పట్టేనండి."

"పాసయ్యావా?"

"లేదండి. రెండు మార్కుల్లో పోయింది. రాజ్యాంగం పేపర్లోనే."

హాలంతా నవ్వింది. ఆయన పక్కన కూర్చున్న రెండో న్యాయమూర్తి మాత్రం నవ్వకుండా, "ఆ పేపరు దిద్దినవాణ్ణి పిలిపించాల్సింది," అన్నారు.

సొంబారి చేతులు కట్టుకుని నిలబడింది. పెద్దాయన ఆమె వైపు తిరిగి నెమ్మదిగా చెప్పారు. "అమ్మా, కార్డులో అడిగినదానికి జవాబు. నువ్వు వ్యక్తివే. నిన్ను ఇన్నాళ్ళు ఉంచడం తప్పు. వెళ్ళిపోవచ్చు."

"ఎప్పుడెల్లాలండి?"

"ఇప్పుడే."

ఆమె పక్కనున్న పోలీసు వైపు చూసింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండున్నరేళ్ళలో ఖాకీబట్ట ఆమెకు దారివ్వడం అదే మొదటిసారి. ఆమె నడిచింది, తలుపు దాటింది, ఎవరూ రమ్మనకుండానే కూర్మావతి ఆమె వెంట వెళ్ళింది. కూర్మావతి మీద ఏ చర్యా తీసుకోకూడదని అదే ఉత్తర్వులో రాశారు. రాష్ట్రంలో శిక్షాకాలం కంటే ఎక్కువ రోజులు విచారణ ఖైదీలుగా ఉన్నవాళ్ళ జాబితా నెల రోజుల్లో పంపమని కూడా రాశారు.

కొన్నాళ్ళకు నా వెనకే ఇంకో కార్డు కుట్టారు. అది కూర్మావతి రాసిందే. "సొంబారిని కొండ దిగువన దింపినాము. కూతురు ఆనవాలు పట్టక తండ్రి వెనక దాగినది. సొంబారి కూర్చుండి సవర భాషలో ఏమో పాడినది. అప్పుడు పిల్ల వచ్చి ఒళ్ళో కూర్చున్నది. ఇది తమరికి తెలియవలెనని రాసితిని."

ఆ తర్వాత జాబితాలు రావడం మొదలైంది. ఒక్కో జిల్లా నుంచి ఒక్కో కట్ట. మేకను దొంగిలించాడన్నవాడు, పేరు కలిసినందుకు పట్టుబడినవాడు, ఏ కేసులో ఉన్నాడో తనకే తెలియని ముసలివాడు. నా ఫైలు తలగడంత లావైంది. దారం చాలక కొత్తది కట్టారు. ఇప్పుడు నేను రికార్డు గదిలో ఉన్నాను. నా రంగు వెలిసింది, కూర్మావతి సిరా గోధుమరంగుకు తిరిగింది. కానీ అన్నింటికంటే పై కాగితాన్ని నేనే. నా కింద మూడువందల పన్నెండు పేర్లున్నాయి. ప్రతి పేరు పక్కనా ఎర్రసిరాతో ఒకే మాట ఉంది: విడుదల.