ఎంగిలి పడని సీసా

పిలిచింది పదిమంది స్వాములను. వచ్చింది ఇరవైమంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు భిక్షకు వస్తే కాదనే ఇల్లు నరసరావుపేటలో ఉండదు. కీర్తన గబగబా ఇంకో గిన్నె అన్నం వార్చింది గానీ, పులిహోరకు ఉడికించిన చింతపండు గుజ్జు సగానికే సరిపోయింది.

అప్పుడే అలమరలో నల్లసీసా కంటబడింది. హైదరాబాదు నుంచి చెల్లెలు అర్చన తెచ్చిన బాల్సమిక్ వెనిగర్. ద్రాక్షరసంతో చేస్తారట, తీపీ పులుపూ కలిసి చిక్కగా ఉంటుంది. ఇంట్లో మాల పడకముందు, అంజీర ఫ్లేవర్ సీసా ఒకటి గుత్తివంకాయలో వాడితే ఇంటిల్లిపాదీ లొట్టలు వేశారు. ఇది దాని జోడు, మూత కూడా తీయలేదు. పండ్ల రసం, ఎంగిలి పడనిది, చూడ్డానికి చింతపండు గుజ్జే. దేవుడికి ఇంతకంటే ఏం కావాలి?

నైవేద్యానికి వండేది రుచి చూడకూడదు, వాసన పీల్చకూడదు. ఆచారంలో కీర్తనకు వంక పెట్టలేం. ముఖం పక్కకు తిప్పుకుని మరీ సగం సీసా వంచేసి, ఇంగువ తాలింపు ఘాటుగా పెట్టింది. హారతి అయింది, స్వాములు బంతికి కూర్చున్నారు.

"మాతా, ఇంకొంచెం పులిహోర," అన్నాడు ప్రదీప్. కట్టుకున్న మొగుడే. మెడలో మాల పడ్డాక అతనికి ఆడవాళ్ళంతా మాతలే.

అందరూ వెళ్ళాక సీసాను వెలుతురులో పెట్టి చూసింది. ద్రాక్షగుత్తి బొమ్మ కింద, చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది: కాల్చిన వెల్లుల్లి ఫ్లేవర్.

దీక్షలో ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. పైగా ఇది ఊరికే వేసుకున్న మాల కాదు. కూతురు ధరణి గుండె ఆపరేషన్ గట్టెక్కితే శబరిమల వస్తానని ఆసుపత్రి వరండాలో ప్రదీప్ మొక్కుకున్నాడు. పిల్ల ఇప్పుడు మేడమెట్లు ఎక్కి దిగుతోంది. చెబితే మాల తీసేస్తాడేమో, మొక్కు చెడుతుందేమో. చెప్పకపోతే? తిన్నవాడికి తెలియకపోయినా పెట్టినదానికి తెలుసుగా. ఆ సాయంత్రం ధరణి ఒక్కసారి తుమ్మితే ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. కనిపించిన పటానికల్లా చెంపలు వేసుకుంది.

మర్నాడు గుళ్ళో ఇరుముడి కట్టే వేళ, "మాతా, బియ్యం పొయ్యండి," అన్నాడు గురుస్వామి కోటేశ్వరరావు. ప్రదీప్ సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు. కీర్తన గుప్పిట విప్పలేకపోయింది.

"స్వామీ," అంది మొగుడికొక్కడికే వినబడేలా, "నిన్న పులిహోరలో తెలియక వెల్లుల్లి కలిసింది. పాపం నాది. నిన్ననే చెప్పాల్సింది, భయమేసి చెప్పలా."

ప్రదీప్ తలెత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"మొదటి ముద్దకే తెలిసింది. అప్పుడే ఆకు ముందునుంచి లేవాల్సింది. నెలరోజులాయె ఆ రుచి తగిలి, నోరు ఊరుకోలా. మళ్ళీ అడిగి పెట్టించుకున్నా. రాత్రంతా కన్ను మూతపడలా."

బరువు దించుకుందామని నోరు తెరిచిన కీర్తనకు ఇప్పుడు రెండు బరువులయ్యాయి. తనది పొరపాటు. అతనిది తెలిసి చేసిన తప్పు. ఆ తప్పును ఆకులో వడ్డించింది తనే.

"ఏంది ఆలస్యం?" అన్నాడు గురుస్వామి.

ధరణి మధ్యలో దూరి, అమ్మ గుప్పిటను రెండు చేతులా పట్టి విడదీసింది. బియ్యం సంచిలో పడ్డాయి.

"కొండమీద నా తప్పు చెప్పుకుంటా," అన్నాడు ప్రదీప్ సంచి మూతి బిగిస్తూ. "నీది కూడా చెప్పనా?"

"చెప్పు స్వామీ. నేనక్కడికి రాలేనుగా," అంది కీర్తన. "నాదే ముందు చెప్పు."