గోరు కింద ఎర్ర రవ్వ

తడి కుంచె మొన మీద ఒక ఎర్ర రవ్వ.

ఆవగింజలో సగం. చుట్టూ నల్లటి తొక్క. నిప్పులోంచి నడిచొచ్చి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

మైక్రోస్కోప్ మీద వంగిన అమ్మ ఊపిరి బిగబట్టింది. పదకొండేళ్లుగా ల్యాబులో ఆమె పని ఇదే... వాగుల నుంచి తెచ్చిన ఇసుకలో ఎర్ర గార్నెట్ రవ్వలు ఏరడం. చదివింది ఏడో తరగతి. అయినా ఆ రవ్వ ఎక్కడిదో ఆమె కళ్లకు తెలుసు.

అడుగు నుంచి. భూమిలో నూటయాభై కిలోమీటర్ల లోతు నుంచి.

ల్యాబ్ మేడమ్ ఒకసారి చెప్పింది. ఖండాల ముసలి రాతి పునాదుల కింద, ఆ లోతు వేడికి, గట్టి రాయి కొంచెం... కొంచెమే కరుగుతుంది. చెమట పట్టినట్టు. ఆ చెమటలో నీరూ వాయువూ నిండి ఉంటాయి. ఇక అది నిలవదు. పగులు దొరికితే చాలు — దూరుతుంది. దారిలో గోడల్ని పీకుతుంది. పీకిన రాళ్లని మింగుతుంది. మింగినకొద్దీ పొంగుతుంది, పొంగినకొద్దీ పరుగెడుతుంది. కోట్ల ఏళ్లుగా కదలని రాతిని చీల్చుకుని, గంటల్లోనో రోజుల్లోనో పైకొచ్చి పేలుతుంది. గొట్టంలా నిలిచి చల్లారిన ఆ రాతినే కింబర్లైట్ అంటారు. ఈ ఎర్ర రవ్వల్నీ, ఒక్కోసారి వజ్రాల్నీ మోసుకొస్తుంది.

"మెల్లగా రాకూడదా, మేడమ్?" అని అడిగింది అమ్మ.

"మెల్లగా వస్తే వజ్రం మిగలదు. దార్లోనే పెన్సిల్ ముల్లు అయిపోతుంది."

ఆ మాట అమ్మకు ఇప్పటికీ మింగుడు పడలేదు. కూతురికి ఆమె నేర్పిన మొదటి మాటే — మెల్లగా.

మెల్లగా నడువు. మెల్లగా నములు. మెట్లు, మెల్లగా.

ఆ కూతురు వజ్రాల కోసం రాతిలోకి బోరు వేసే డ్రిల్లింగ్ బండి మీద పనికి పేరిచ్చింది. ఈ ఇసుకలో రవ్వ దొరికితే బండి కొండల్లోకి కదులుతుంది. బండితో కూతురు. దొరక్కపోతే... ఎవరూ కదలరు.

తొక్క ఊడని రవ్వ అంటే ఎక్కువ దూరం దొర్లని రవ్వ. అది పైకొచ్చిన కింబర్లైట్ గొట్టం ఆ వాగు పక్కనే ఎక్కడో ఉంది.

అమ్మ అటూ ఇటూ చూసింది. చీటీ మీద 'ఏమీ లేవు' అని రాసింది.

రవ్వ బొటనవేలి గోరు కిందికి వెళ్లింది.

పదకొండేళ్లలో ఒక్క రేణువు దాచి ఎరగదు.

బస్సులో కడ్డీ పట్టుకోలేదు. ఇంట్లో చెయ్యి కడుక్కోలేదు. బొటనవేలు పిడికిట్లో... గరిటె ఎడమచేతిలో. కళ్ల ముందు అవే బొమ్మలు — తెగిన తాడు, ఒరిగిన బండి, తెలియని నంబరు నుంచి ఫోను.

అంతదూరం ఆగకుండా వచ్చింది, గోరు కింద ఆగింది.

ఆగిందా?

సలుపుతోంది. లోపల ఏదో పైకి తోస్తూనే ఉంది.

మెకానిక్ షెడ్డు పని నుంచి వచ్చిన కూతురు చూడనే చూసింది.

"వేలికేమైందమ్మా?"

"ముల్లు."

"ల్యాబులో ముల్లా? కుర్చీకి మొలిచిందా?"

"నీకన్నీ వేళాకోళమే."

"నేను తుమ్మితే అంబులెన్స్ అంటావు. నీకు ముల్లు దిగితే మాత్రం దాచుకుంటావు. ఇలా ఇవ్వు చెయ్యి."

సూది తెచ్చింది. కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. గ్రీజు మరకల వేళ్లు... అయినా ఎంత మెల్లగా. ఎంత మెల్లగా.

రవ్వ అరచేతిలో పడింది.

అమ్మ ఏరేవి చూస్తూ పెరిగిన పిల్ల. దాన్ని సూదిమొనతో దొర్లించింది, సాయంత్రపు ఎండకి ఎత్తింది. చాలాసేపు.

"తొక్క ఉందమ్మా."

తిట్టలేదు. అమ్మకు భయమేసింది అందుకే.

"మేడమ్‌కి చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను? ఏరింది నువ్వు."

కాగితం ముక్కలో మడిచి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ వేళ్లను తనే మూసింది, ఒక్కొక్కటిగా.

తెల్లవారింది. ల్యాబు. అదే బల్ల. చీటీ మీద తన రాతే — 'ఏమీ లేవు'. వరండాలో మేడమ్ చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది.

తెగిన తాడు. ఒరిగిన బండి. కిటికీ దగ్గర, సూది పట్టుకున్న ఆ వేళ్లు.

కాగితం విప్పింది. కుంచె తడిపింది.

మెల్లగా... అనబోయింది. ఎవరితోనో.

తడి కుంచె మొన మీద ఒక ఎర్ర రవ్వ. కింద, దొరికిన రవ్వలు పెట్టే తెల్లటి పళ్లెం. మధ్యలో వెంట్రుకంత గాలి.