పైన ఎండ, కింద పాట

ఖతార్‌లో ఎండ దొరక్క మనిషి అల్లాడిపోయాడంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. అల్లాడిపోయింది నేనే కాబట్టి చెబుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

ఉమ్ ఘువైలినా అనే పేటలో పది అంతస్తుల హోటల్ ఒకటి కడుతున్నాం. దాని కింద మూడు బేస్‌మెంట్లు. అన్నిటికంటే అడుగున ఉన్న మూడో దాంట్లో మా గ్యాంగ్ డ్యూటీ. కరెంటు కేబుళ్ళు లాగే పని. పొద్దున నాలుగున్నరకి క్యాంప్‌లో బస్సెక్కుతాం, అప్పుడు చీకటి. సాయంత్రం ఐదున్నరకి పైకి వస్తాం, అప్పుడూ చీకటే. పైన జాగా లేదని మెస్ కూడా మొదటి బేస్‌మెంట్‌లోనే పెట్టారు. మార్చికల్లా అప్పజెప్పాలని చాలా శుక్రవారాలు ఓవర్‌టైమ్ వేశారు. సెలవిచ్చిన ఒకటి రెండు శుక్రవారాలు దుమ్ముగాలి లేచి ఆకాశం మొత్తం బూడిద రంగయింది. డిసెంబర్ మొత్తంలో నేను సూర్యుణ్ణి చూసింది రెండుసార్లు. అందులో ఒకసారి బస్సు అద్దంలోంచి.

ఇదే సూర్యుణ్ణి ఆగస్టులో నోటికొచ్చినట్టు తిట్టాను. అది వేరే సంగతి.

ఈ దేశంలో చలికాలమే పండగ. అబూ హమూర్ నుంచీ అల్ ఖోర్ నుంచీ మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని పార్కులకు పోతారు, పులిహోర డబ్బాలు విప్పుతారు, ఎండలో కళ్ళు చికిలించుకుని ఫొటోలు దిగుతారు. ఆ ఫొటోలు ఫోన్‌లో చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. కాలు ఒకచోట నిలిచేది కాదు. టీ టైమ్‌లో అందరూ కూర్చుంటే నేను పిల్లర్ల మధ్య తిరుగుతూ ఉండేవాణ్ణి. ట్యూబులైట్ల వెలుతురులో పగలో రాత్రో తెలిసేది కాదు. ఎవరి మీద అరవాలో తెలియక కేబుల్ చుట్టను కాలితో తన్నేవాణ్ణి.

"కాలుగాలిన పిల్లి లెక్క ఏం తిర్గుతున్నవ్‌రా నగేషూ? జర కూసో," అనేవాడు రాజనర్సు.

రాజనర్సుది మెట్‌పల్లి పక్కన పల్లె, మా పక్క ఊరే. యాభై దాటాయి. చుట్టం కాదు గానీ నేను మామా అంటాను, ఆయన అల్లుడా అంటాడు. మా గ్యాంగ్‌లో పిలుపు చెప్పేది ఆయనే. పిలుపంటే ఏమిటో చెప్పాలి. చెయ్యి లావు కేబుల్ని పదిహేనుమంది లాగుతారు. పదిహేనుమందీ ఒక్కసారే లాగాలి. ఒకడు ముందు, ఒకడు వెనక లాగితే కేబుల్ జానెడు కూడా కదలదు, పైగా నడుములు పడిపోతాయి. అందుకని ఒక మనిషి పాటలా పలుకుతాడు, మిగతావాళ్ళు "హైసా" అంటూ లాగుతారు. నేపాలీకైనా బంగ్లావాడికైనా హైసా అంటే అర్థమవుతుంది.

రాజనర్సు పిలుపులో ఎప్పుడూ ఎండే.

"కొత్త పసుపు!"

"హైసా!"

"కల్లంల పోసి!"

"హైసా!"

"ఎర్రటెండ!"

"హైసా!"

"ఈపు మీద!"

"హైసా!"

ఆ గొంతు బేస్‌మెంట్ గోడలకు తగిలి తిరిగి వచ్చేది. నేను కళ్ళు మూసుకుని లాగేవాణ్ణి. ఉడికించిన పసుపు కొమ్ములు కల్లంలో పరిచి ఉన్నట్టు, మా అమ్మ కాళ్ళతో వాటిని కలియబెడుతున్నట్టు, నా మెడ చురుక్కుమంటున్నట్టు అనిపించేది. ఆ పిలుపు లేకపోతే ఆ చలికాలం నాకు పిచ్చెక్కేది. మాట వరసకు అనడం లేదు.

డిసెంబర్ చివర్లో రాజనర్సుకు తొడలు, తుంట్లు నొప్పులు మొదలయ్యాయి. మెట్లు ఎక్కాలంటే కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టు మీదా ఆగేవాడు. ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేసి, ఒంట్లో డి విటమిన్ అడుగంటిందన్నారు. వారానికొక మాత్ర రాసి, రోజూ అరగంట ఎండలో ఉండాలని కాగితం మీద పెట్టి ఇచ్చారు. ఆ సాయంత్రం క్యాంప్‌లో ఫోన్ స్పీకర్ పెట్టి భార్యతో చెప్పాడు.

"దుబాయ్ల ఎండ లేదంటే నన్ను నమ్మమంటవా?" అంది గంగామణి అటునుంచి. ఎన్నిసార్లు ఖతార్ అని చెప్పినా ఆమెకు దుబాయే. "ఏం దాస్తున్నవ్? పెద్ద రోగమేమన్న ఉన్నదా, సక్కగ చెప్పు!"

ఆయన నవ్వబోయాడు. ఆమె ఏడుస్తోందని తెలిసి నవ్వు ఆపేశాడు.

జనవరి మొదట్లో మా ఫోర్‌మన్ మొహసిన్ భాయ్ టీ టైమ్‌లో కిందికి దిగాడు. నిజామాబాద్ మనిషి. కోపమొస్తే ఉర్దూ, పని కావాలంటే తెలుగు. ఆ రోజు తెలుగే మాట్లాడాడు.

"టెర్రస్ మీద ఏసీ మిషన్లకాడ ఒక మనిషి కావాలె. రెండు నెల్లు. ఎవడస్తడు?"

నేను లేవబోయాను. నాకంటే ముందు రాజనర్సు జేబులోంచి డాక్టర్ కాగితం తీసి చాపాడు. మొహసిన్ దాన్ని చదివి, తల గోక్కుని, తిరిగి ఇచ్చేశాడు.

"నాకు సమజైతుంది నర్సన్నా. కాని నువ్వు పైకి పోతే ఈడ కేబుల్ ఎవడు గుంజిపిస్తడు? పోయిన నెల నీకు జరమొచ్చిననాడు ఏమైంది? దినమంతా గుంజితే పది మీటర్లు రాలే. ఇంకోడెవడన్న పిలుపు చెప్పేటోడు ఉంటే చూపెట్టు, నిన్ను ఇప్పుడే పంపుత." మా అందరి వైపూ తిరిగాడు. "ఉన్నడా ఎవడన్న?"

ఉన్నాడు. నేనున్నాను. ఆయన పిలుపు మొత్తం నాకు కంఠతా వచ్చు. నా గొంతూ బాగానే ఉంటుంది, క్యాంప్ బాత్‌రూమ్‌లో పాడితే పక్క గదివాళ్ళు ఇంకోటి పాడమంటారు. కానీ చెబితే నేను ఇక్కడే, ఈ ట్యూబులైట్ల కిందే ఉండిపోవాలి. నా బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాను. ఎడమ బూటు లేసు ఊడి ఉంది. దాన్ని చాలాసేపు కట్టాను.

"యల్లా, అయితే నగేష్, నువ్వు నడువు," అన్నాడు మొహసిన్.

రాజనర్సు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

టెర్రస్ మీద మొదటి రోజు నేను ఎండలో నిలబడి పళ్ళికిలించాను. హెల్మెట్ తీసి మాడు మీద ఎండ పడనిచ్చాను, సేఫ్టీవాడు కేకలేసేదాకా. అంత హాయి పెళ్ళిలో కూడా తెలియలేదు. రెండో రోజూ బాగానే ఉంది. మూడో రోజు నుంచి మళ్ళీ కాలు నిలవలేదు. పైన గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. టీ తాగుతూ తాగుతూ కేబుల్ షాఫ్ట్, అంటే అడుగు నుంచి పైదాకా కేబుళ్ళకు వదిలిన సందు, దగ్గరికి పోయి తల వంచేవాణ్ణి. పదమూడు అంతస్తుల కింద నుంచి "హైసా" అని సన్నగా వినిపించేది. అది వినాలని పోయేవాణ్ణి, వినగానే సిగ్గేసి ఇవతలికి వచ్చేవాణ్ణి. కాసేపటికి మళ్ళీ పోయేవాణ్ణి.

రోజూ బస్సులో రాజనర్సు నా పక్కనే కూర్చుని అడిగేవాడు.

"ఇయ్యాల ఎండ ఎట్లుండె అల్లుడా?"

మొదట్లో ఉత్సాహంగా చెప్పాను. పదింటికి ఎట్లా వచ్చింది, రేకుల మీద ఎట్లా మెరిసింది, మధ్యాహ్నం వీపు ఎట్లా కాలింది. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. అట్లా వింటుంటే చూడలేకపోయాను. నాలుగో రోజు నుంచి అబద్ధం మొదలుపెట్టాను.

"మబ్బే మామా. దినమంతా మబ్బే. మీకన్న అన్యాయముంది పైన."

ఆయన కమిలిపోయిన నా మెడ వైపు చూశాడు. "అవునా," అని కిటికీ వైపు తిరిగాడు.

పదకొండో రోజు పెద్ద కేబుల్ ఎక్కించాలి. మూడో బేస్‌మెంట్ నుంచి షాఫ్ట్‌లోంచి టెర్రస్ దాకా ఒకటే కేబుల్. అంతస్తుకు ఇద్దరేసి నిలబడ్డారు. పైన మేం ఆరుగురం తాడు పట్టుకున్నాం. పిలుపు చెప్పడానికి రాజనర్సు అడుగున మొహసిన్ వాకీటాకీ పట్టుకుని నిలబడ్డాడు. అంతస్తుకొక వాకీ ఇచ్చారు, టెర్రస్‌ది నా నడుముకుంది. ఆ పిలుపు అన్ని అంతస్తులకూ ఒకేసారి వినపడుతోంది.

కేబుల్ ఏడో అంతస్తు దాటింది. "ఎర్రటెండ" అన్నాడు. హైసా అన్నాం. "ఈపు..." అన్నాడు. తర్వాత మాట రాలేదు. వాకీలో ఏదో పడిన చప్పుడు, ఎవరో "నర్సన్నా, నర్సన్నా" అని అరవడం.

ఎవడికి తోచినట్టు వాడు లాగుతున్నాడు. తాడు నా అరచేతుల్లో జారడం మొదలైంది. కేబుల్ బరువంతా కిందికి గుంజుతోంది. అది జారిపోతే కింద షాఫ్ట్ నోటి దగ్గరున్నవాళ్ళ మీదే పడుతుంది. ఇప్పుడు నోరు తెరిస్తే నా ఎండ పోతుందని ఆ క్షణంలో కూడా అనుకున్నాను. అనుకోలేదని ఇప్పుడు కోతలు కోస్తే నాకే అసహ్యం. తాడు మోచేతికి చుట్టుకుని, రెండో చేత్తో వాకీ నొక్కాను.

"ఈపు మీద!"

ఒకళ్ళిద్దరే హైసా అన్నారు.

"కొత్త పసుపు! కల్లంల పోసి!"

"హైసా!" ఈసారి అన్ని అంతస్తులూ అన్నాయి. తాడు ఆగింది, తర్వాత పైకి కదిలింది. ఆయన పిలుపు అయిపోతే మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాను. కేబుల్ మూతి టెర్రస్ మీదికి వచ్చి, దాన్ని కట్టి బిగించేదాకా ఆపలేదు.

మెట్ల మీద దూకుతూ కిందికి పోయాను. రాజనర్సు కేబుల్ డ్రమ్ముకు ఆనుకుని కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. కాళ్ళు పట్టు తప్పాయి, అంతే, దెబ్బలేమీ తగల్లేదు. మొహసిన్ నన్ను చూడగానే ఉర్దూ మొదలుపెట్టాడు. అది నేను రాయను. చివర మాత్రం తెలుగులో అన్నాడు.

"ఇన్నొద్దులు నోట్లె ఏం పెట్టుకున్నవ్‌రా? రేపటిసంది నువ్వు కిందికి, నర్సన్న పైకి."

డ్యూటీ అయ్యాక నేనూ రాజనర్సూ మెట్లెక్కుతున్నాం. ఆయన మెట్టు మెట్టుకీ ఆగుతున్నాడు. రెండో బేస్‌మెంట్ దగ్గర నేనే నోరు విప్పాను.

"మామా, నాకు పిలుపొస్తదని నీకు..."

"ఎర్కనే. నేను పాడుతుంటె నీ పెదిమెలు కదులుడు దినాం సూస్తనే ఉంటి."

"మరి ఆనాడు మొహసిన్‌కు ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవేమో అని సూసిన." ఊపిరి తీసుకున్నాడు. "పదకొండు దినాలు సూసిన."

ఆయన చెయ్యి నా భుజం మీద పడింది. క్షమించాడని నా మనసు గంతేసింది. చెయ్యి గట్టిగా నొక్కి, నా మీద బరువు మోపి, పై మెట్టు ఎక్కాడు. ఆయనకు కావలసింది ఆసరా. అట్లాగే పట్టుకుని బయటిదాకా వచ్చాం. బయట చీకటి పడిపోయింది.

మర్నాడు పొగమంచు దిగింది. బస్సు దీపాలు వేసుకుని పాక్కుంటూ వచ్చింది. రాజనర్సు టెర్రస్‌కు, నేను అడుగుకు. ఏడింటికి వాకీ నొక్కాను.

"ఎండొచ్చిందా మామా?"

"రాలే."

ఎనిమిదింటికి అడిగాను. రాలేదన్నాడు. ఎనిమిదిన్నరకు అడిగాను. మొహసిన్ నా చేతిలోంచి వాకీ లాక్కోబోతే ఇవ్వలేదు. కేబుల్ చుట్టూ తిరుగుతున్నాను, చెమట పడుతోంది, ఇవాళ ఈ మంచు విడవకపోతే ఊరుకునేది లేదని ఎవర్నో బెదిరిస్తున్నాను. నా జన్మలో దేనికోసమూ ఇంత ఆత్రపడలేదు, అదీ నాకు తగలని ఎండ కోసం. గ్యాంగ్‌వాళ్ళు తాడు పట్టుకుని నా నోటికేసి చూస్తున్నారు. తప్పక పిలుపు ఎత్తుకున్నాను.

తొమ్మిదిన్నరకి, "ఎర్రటెండ" దగ్గర, వాకీ గరగరమంది.

"అచ్చింది," అన్నాడు రాజనర్సు. "నువ్వు పిలుపు ఆపకు."