మూడో ఫారం

పదహారేళ్లలోపు పిల్లల చెస్ పోటీ, చివరి ఆట. గెలిస్తే క్రీడా పాఠశాలలో సీటు. తిండీ చదువూ వాళ్లే చూసుకుంటారు. లేదంటే సోమవారం నుంచి ప్రెస్సులో నాన్న పక్కన కూర్చుని కాగితాలు మడవడం. డ్రా అయినా మడవడమే.

నాన్న బైండరు. ప్రెస్సులో చెస్ పుస్తకం అచ్చయినప్పుడు సిరా అలుక్కుపోయాయని పారేసిన ఫారాలు ఏరుకొచ్చి కూతురికి కుట్టిపెట్టాడు. ఫారం అంటే మడతపెట్టే పెద్ద అచ్చు కాగితం, ఒక్కోటి పదహారు పేజీలు. అట్ట వేశాడు, అంచులు కోశాడు, కొత్త పుస్తకంలా చేశాడు. పిల్ల రెండేళ్లు దాన్ని నమిలి మింగింది. నల్లపావులొస్తే ఆమెది ఒకటే ఆట, సిసిలియన్ డ్రాగన్. నక్కి కూర్చునేది కాదు, మీదపడి కరిచేది.

ఎదురుగా కోచింగ్ సెంటరు కుర్రాడు.

"డ్రాగనా? నిప్పులు కక్కుతుందా ఏంటి?"

"కాలాక ఊదుకుందువులే, ఆడు."

పదిహేనో ఎత్తులో ఏనుగునిచ్చి గుర్రాన్ని కొట్టింది. పుస్తకంలో అలాగే ఉంది. తెల్లరాజు గోడ కూలాలి. కూలలేదు. కుర్రాడు ఆ ఏనుగుని తినేసి, మిగతా ఆటంతా నలుపుతూనే పోయాడు. పిల్ల ఓటమి ఒప్పుకుని, రాజుని పడుకోబెట్టి చెయ్యి చాపింది.

కుర్రాడి కోచ్ వచ్చాడు. "మంత్రిని ముందు పక్కకి తేవాలి కదమ్మా, అప్పుడే ఏనుగుని ఇవ్వాలి. ఎవరు నేర్పారు నీకు?"

"పుస్తకంలో ఉంది సార్."

ఆయన సంచిలోనూ అదే పుస్తకం. రెండూ పక్కపక్కన పెట్టి తిప్పాడు. "ముప్పై మూడు నుంచి నలభై ఎనిమిది దాకా నీ దాంట్లో లేవు. అసలు పేజీ నంబర్లేవి?"

ఆట చూడ్డానికొచ్చిన నాన్న పుస్తకం వెన్ను కుట్టు తడిమాడు. "అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయని కోసేశానమ్మా. నంబర్లు వాటితోపాటే పోయాయి."

"ఆ పేజీలు లేవని తెలుసా నీకు?" పిల్ల నాన్నని నిలదీసింది.

"తెలుసు. మూడో ఫారం ఒక్కటీ చెడలేదే తల్లీ. అన్నీ బాగా వచ్చాయి. మనకెలా దొరుకుతుంది?"

"చెప్పొచ్చుగా నాన్నా!"

"పదహారు పేజీలే కదా అనుకున్నా."

అవును మరి. మన ఇళ్లకొచ్చే చదువంతా ఎవరో చెడగొట్టి పారేసిందే.

సోమవారం మడతబల్ల. కోచింగ్ సెంటరుకి ఆ పుస్తకమే ఇంకో ఐదొందల ప్రతులు కావాలట. మూడో ఫారం కట్ట ఆమె ముందే పడింది. మడుస్తూ చదివింది. ఉంది, మంత్రి ఎత్తు.

"మడవమన్నాం, చదవమనలేదు!" అరిచాడు మేస్త్రి.

పిల్ల బొటనవేలు సిరాడబ్బాలో ముంచింది. ఒక ఫారం మీద గట్టిగా అద్ది, చెత్తబుట్టలోకి తోసింది.

నాన్న చూశాడు. సాయంత్రం ఆ బుట్ట ఎత్తేది ఆయనే.