తలుపు వెనుక ఊపిరి

గుర్రుమని ఒక ఊపిరి వినిపించింది. తెర ఇంకా చీకటిగానే ఉంది. ఆ భయానక వీడియో గేములో, మూసిన తలుపు వెనుక ఎవరో అలా ఊపిరి పీలుస్తూ ఉంటారు. వారి పేరు పలికితేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ పేరు ఈరోజు ప్రత్యక్ష ప్రసారంలో చెబుతానని తమ్ముడు తన ఛానెల్లో వేలమందికి మాటిచ్చాడు.

"ఈ ఊపిరి మన అపరాధభావం. మధ్యలో ఆగే ఆ మూడు క్షణాలు మనం పోగొట్టుకున్న బాల్యం," అని వివరించి, మైకులో "అపరాధమా!" అని పిలిచాడు. తలుపు కదలలేదు. "బాల్యమా!" అన్నాడు. ప్రేక్షకుల వెక్కిరింతలు తెర మీద వానలా కురిశాయి.

ఆ గేముకు శబ్దాలు కూర్చింది అక్కే. పక్కనే కూర్చున్న ఆమె, తమ్ముడి పరువు పోతుంటే చూడలేక మైకు ఆపేసింది.

"బాల్యమూ లేదు, బూడిదా లేదురా. అది మీ బావ గురక. ఆ మూడు క్షణాలూ ఆయన పక్కకు తిరిగారు. ఆ ఫైలుకు నేను పెట్టిన పేరునే మా గేము కంపెనీవాళ్లు తలుపుకు తాళంచెవి చేశారు."

తమ్ముడు ఆత్రంగా మైకు తెరిచి బావ పేరు పలికాడు. తలుపు కదలలేదు.

"అది కాదు," అంది అక్క, సిగ్గుతో ఎర్రబడి. "నేను మనసులో పిలుచుకునే పేరు. పెళ్లయి పన్నెండేళ్లయినా ఆయనకే చెప్పలేదు."

"నా చెవిలో చెప్పవే, నీకు పుణ్యముంటుంది!"

"ఆ పేరు నీ నోటనా? ఛీ!"

లారీ నడపడం నేర్పే ఆరడుగుల బావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "నా గురకకు నామకరణం కూడా చేశావా? ఏదీ, చెప్పు."

"అక్కా, పరువు!" అని తమ్ముడు చేతులు జోడించాడు.

అక్క కళ్లు గట్టిగా మూసుకుని, మైకు మీదికి వంగి, వేలమంది వినేలా పిలిచింది.

"చిట్టిపిచ్చుకా!"